సీమ తల్లి చెప్పిన రెండు మాటలు

మిర్యాలగూడలో రామలింగయ్య బియ్యం మరలో ఆవిరి కొప్పెర పగిలిన సంగతి పాఠకులు మరిచిపోయి ఉండరు. వడ్లు ఉడికే ఆ కొప్పెర దగ్గర ఆ పొద్దున పనిలో ఉన్నది ఇద్దరు, ఇద్దరూ సముద్రం అవతలి సీమ నుంచి వచ్చిన కూలీలు. విల్లెం అనేవాడు అక్కడికక్కడే పోయాడు. తామసు అనేవాడు ఒళ్ళు కాలి సూర్యాపేట దవాఖానలో పడి ఉన్నాడు. ఇవేవీ తెలియని తామసు తల్లి, కొడుకును ఒక్కసారి కళ్ళారా చూసుకుందామని ఓడెక్కి, బందరులో దిగి, రాచబాట పట్టి కోదాడ దాకా వచ్చింది. పనికోసం వచ్చే సీమ మనుషులు ఎవరైనా కోదాడ చావడిలో పేరు రాయించుకున్నాకే ముందుకు కదలాలి. ఆ చావడిలో వాళ్ళ భాష తెలిసిన దుబాసి సరళ ఒక్కతే. కొడుకు సంగతి ఆ తల్లికి చెప్పే పని సరళ మీద పడింది. చెప్పింది. పోయిన వారం మనం వాళ్ళిద్దరినీ చావడి మెట్ల మీద వదిలి వచ్చాం.

సర్కారు బండి వచ్చేసరికి ఎండ ముదిరింది. సీమ తల్లి పేరు మార్జెరీ. చావడిలో రాసేవాడికి నోరు తిరగక మరిజమ్మ అని రాశాడు. ఇక ఈ నేల మీద ఉన్నన్నాళ్ళూ ఆమె మరిజమ్మే. యాభై దాటిందో లేదో తెలియదు, పై పళ్ళు సగం లేవు. చలిదేశంలో కట్టుకునే ముతక ఉన్ని అంగీతోనే వచ్చింది. మెడ మీదుగా చెమట కారుతున్నా దాని పైముడి విప్పదు. కొడుకు బతికే ఉన్నాడన్న మాట విన్నప్పటి నుంచి ఆమె సరళ చేయి వదల్లేదు.

సరళకు ఆ చేయి బరువుగా ఉంది. తీసేయాలని లేదు, మోయాలనీ లేదు. అసలు ఆ రోజు ఆమె సెలవు పెట్టి ఇంట్లో పడుకోవాల్సింది. దుబాసి అన్నవాడు ఎదుటివాడి మాటను తన మాటగా చెప్పాలని చావడి కట్టుబాటు. 'వీడికి జ్వరమట' అనకూడదు, 'నాకు జ్వరం' అనాలి. నా పరవానా పోయింది, నా తమ్ముణ్ణి ఏ ఊరు పంపారు, నాకు అన్నం సయించడం లేదు, అక్కడ మా ఆవిడ చనిపోయిందట. పొద్దంతా ఇట్లా అందరి కష్టాన్నీ 'నాది' అని చెప్పి చెప్పి, దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరితే తల్లి లక్ష్మీనర్సమ్మ ఏం కూర వండమంటావని అడుగుతుంది. ఆ మాటకు జవాబియ్యడానికి సరళకు గొంతు మిగిలేది కాదు. తలాడించేది. ఏ కూరకు తలాడించిందో ఆ తల్లికి తెలిసేది కాదు.

ఆ భాష ఆమె బడిలో నేర్చుకున్నది కాదు. తండ్రి ఈదయ్య పెద్దవూర పక్కన గొర్లు కాసేవాడు. మందలు పెరిగిన రోజుల్లో సీమ నుంచి కాపరులను తెప్పించుకున్న ఇళ్ళలో వాళ్ళదీ ఒకటి. అట్లా వచ్చిన ముసలామె ఒకతి సరళను చంకనేసుకుని మందల వెంట తిరిగేది. తల్లి దగ్గర తెలుగు, ఆ ముసలామె దగ్గర సీమ మాట, రెండూ ఒక్క నోటితోనే వచ్చాయి. ముసలామె పోయినప్పుడు ఆమెది ఏ ఊరో, వెనక ఎవరున్నారో అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. సరళ దుబాసి పనిలో చేరినప్పుడు ఆ సంగతి మనసులో ఉండేది. ఇప్పుడు ఉందో లేదో ఆమెకే తెలియదు.

బండి మునగాల దాటింది. దారి పొడుగునా కరెంటు స్తంభాల వైపు చూస్తూ మరిజమ్మ, ఇంత పొడుగు తాళ్ళు కట్టి దేన్ని ఆపుతున్నారని అడిగింది. ఆపడం కాదు, వాటిలోంచి దీపాలకు వెలుగు పోతుందని సరళ చెప్పింది. ఆమె నమ్మినట్లూ లేదు, నమ్మనట్లూ లేదు. తమ ఊరిలో కొవ్వొత్తి వెలిగేది గుడిలోనూ దొర ఇంట్లోనూ మాత్రమేనట. దొర పొలం దున్నాక మిగిలిన పొద్దులో తమ పొలం దున్నుకోవాలట. ఒక ఏడు పంట కుళ్ళింది, ఒక ఏడు జబ్బు వచ్చి వీధికి వీధి ఊడ్చుకుపోయింది. ఆ తర్వాతే బందరు ఓడ మనుషులు వచ్చి వయసు పిల్లలను అడిగారు. తామసు తానే ముందుకొచ్చి నిలబడ్డాడు. నేనే పొమ్మన్నాను అనుకుంటున్నారు మా ఊళ్ళో, కాని నేను పొమ్మనలేదు, వద్దని అనలేదంతే, అని మరిజమ్మ ఎవరో నిలదీసినట్లు చెప్పుకుంది.

సూర్యాపేట దగ్గర పడుతుండగా అడిగింది.

"చనిపోయిన పిల్లవాడి పేరేమన్నావు?"

"విల్లెం."

"వాడికి తల్లి ఉందా?"

తెలియదని సరళ అంది. మరిజమ్మ కళ్ళు మూసుకుని, నుదుటి మీదా రొమ్ము మీదా వేళ్ళతో తాకి, ఆ తెలియని తల్లి కోసం ఏదో గొణిగింది. కళ్ళు తెరిచాక, "నా వాడు బతికినందుకు సంతోషంగా ఉంది బిడ్డా. ఇంకొకామె కడుపు కాలినప్పుడు ఇట్లా సంతోషపడితే తప్పు కదూ" అంది.

దీన్ని ఎవరికీ తర్జుమా చేసి చెప్పే పని లేదు కనుక సరళ ఊరికే వింది. ఆమె చేతిలో ఉన్న తన చేతిని మాత్రం కొంచెం బిగించింది.

దవాఖానలో కాలిన రోగుల గది పై అంతస్తులో ఉంది. మెట్ల దగ్గరే వైద్యురాలు భాగ్యశ్రీ ఎదురైంది. నిద్ర లేని కళ్ళు, మోచేతుల దాకా మందు మరకలు. ముఖం, రొమ్ము, చేతులు బాగా కాలాయని, మాట ఇంకా రాలేదని చెప్పింది. సీమ కూలీలు వేసుకునే చెక్క జోళ్ళ వల్ల పాదాలకు ఏమీ కాలేదట. ముఖం చూస్తే పోల్చలేరని, తల్లిని ముందే హెచ్చరించమని చెప్పింది.

"మరి తామసే అని ఎట్ల తెలిసింది?" అని సరళ అడిగింది. ఆ క్షణంలో ఆమెకు ఏ అనుమానమూ లేదు. అలవాటుగా అడిగింది.

"పేరు బిళ్ళ ఉంది గదక్కా. మెడల గాదు, పిడికిట్ల పట్టుకుండు. గుంజుకొచ్చినట్లు తాడు తెగి ఉంది. ఆ పిడికిలి ఇప్పేసరికి మా పాణం పోయింది."

సరళ ఆ మాటలో సగమే విని, మరిజమ్మకు ముఖం సంగతి చెప్పడానికి వెనక్కి తిరిగింది.

గదిలో అప్పటికే ఇద్దరు మనుషులు ఉన్నారు. ఒకరు అమీన్ వెంకటేశం, మరలో జరిగిన ప్రమాదం మీద విచారణ జరపడానికి సర్కారు పంపిన అధికారి. కుర్చీ చాలని మనిషి, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని పంకా కింద కూర్చున్నాడు. రెండోవాడు ధనుంజయ్, మర యజమాని రామలింగయ్య కొడుకు. ముప్పై ఏళ్ళుంటాయి. చేతులు కట్టుకుని కిటికీ పక్కన నిలబడ్డాడు. మంచం మీద తెల్లటి కట్లలో ఒక మనిషి ఆకారం. ముక్కు దగ్గర, నోటి దగ్గర మాత్రం గుడ్డ లేదు. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గులకరాళ్ళు కదిలినట్లు చప్పుడవుతోంది.

అమీన్ పని మొదలుపెట్టాడు. ఆయన చెప్పిందంతా సరళకు తెలిసిందే. పనిలో దెబ్బ తగిలిన సీమ కూలీకి ఇక్కడ అయినవాళ్ళు ఎవరైనా ఉంటే, నయమయ్యేదాకా మర వాళ్ళు వైద్యం చేయించాలి, అతని వాంగ్మూలం తీసుకోనిదే విచారణ ముగియకూడదు. ఎవరూ లేకపోతే అతణ్ణి బందరు పంపి ఓడ ఎక్కించేయాలి. విచారణ ఉన్నదానితో ముగుస్తుంది. తల్లి వచ్చింది కాబట్టి ఇప్పుడు తల్లి అవునంటే చాలు.

"నాకెవ్వరి మీద పగ లేదు సరళమ్మా. కాయిదా గిట్లుంది" అన్నాడు అమీన్. "అయినోళ్ళుంటే గీడనే ఉంచుతం. లేకుంటే బందరు. ఓడ శుక్రారం పోతది."

ధనుంజయ్ తన మాటగా ఒక్కటే చెప్పాడు. కింద బండి పెట్టించాడట, లోపల పరుపు కూడా వేయించాడట, ఒకవేళ పంపాల్సి వస్తే తొవ్వలో తకలీఫ్ కాకుండా. చాలా మర్యాదగానే చెప్పాడు. భాగ్యశ్రీ అతని వైపు చూడకుండానే, ఓడలో వేస్తే ఈ మనిషి రెండు రోజులు కూడా ఉండడని అప్పుడే రాసిచ్చానని అంది. ఆ రాసిచ్చింది ఎవరూ చదవలేదన్న సంగతి ఆమె గొంతులోనే తెలిసిపోతోంది.

ఈ మాటలు సాగుతుండగా మరిజమ్మ మంచం దగ్గరికి నడిచింది. ముఖం ఉండాల్సిన చోట ఉన్న కట్లను చూసింది. చేయి చాచి, ఎక్కడ తాకాలో తెలియక వెనక్కి తీసుకుంది. చివరకు మంచం కాళ్ళ వైపు వెళ్ళి, దుప్పటి అంచు పైకెత్తి, కొడుకు పాదాలను రెండు చేతుల్లోకి తీసుకుంది. కాలని పాదాలు అవి రెండే. వంగి, ఎడమ పాదాన్ని చెంపకు ఆనించుకోబోయి ఆగింది. బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా ఒక్కొక్క వేలినీ మెల్లగా పట్టుకుని చూసింది. మళ్ళీ మొదటి నుంచి చూసింది.

తర్వాత ఆ పాదం వదలకుండానే మంచం అంచున కూర్చుంది.

"అడుగమ్మా, ఈమె కొడుకేనా?" అన్నాడు అమీన్.

సరళ సీమ మాటలో అడిగింది. మరిజమ్మ తల ఎత్తలేదు. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. పాదాన్ని నిమురుతూ, జోలపాట పాడే గొంతుతో జవాబిచ్చింది.

"కాదు. నా తామసుకు ఎడమ కాలి చిటికెన వేలు లేదు. ఏడేళ్ళప్పుడు మంచు కొరికి ఊడిపోయింది. నేనే కట్టు కట్టాను. ఈ పిల్లవాడెవరో నాకు తెలియదు."

సరళ నోరు తెరిచింది. అన్నేళ్ళ అలవాటు, మాట వినగానే తెలుగులో బయటికి వచ్చేస్తుంది. 'కాదు' అన్నది నాలుక చివరి దాకా వచ్చింది. ఎట్లా ఆపిందో ఆమెకే తెలియదు. పిడికిట్లో బిళ్ళ, తెగిన తాడు, గుంజుకొచ్చినట్లు అన్న మాట, అన్నీ అప్పుడు ఆమెకు అందాయి. పగిలిన కొప్పెర ముందు ఈ విల్లెం తామసును మెడ పట్టి లాగాడు. మనిషి రాలేదు, బిళ్ళ వచ్చింది. ఆ బిళ్ళను చూసి ఊరంతా వీణ్ణి తామసు అనుకుంది. విల్లెం పేరున మిర్యాలగూడలో కాలువ అవతల పూడ్చింది ఎవరిని?

మరిజమ్మకు ఆ లెక్క సరళకన్నా ముందే అర్థమైంది. ఆమె పెదవులు తెల్లబడ్డాయి. అయినా చేతులు మాత్రం ఆ పాదాన్ని నిమురుతూనే ఉన్నాయి.

"నేను కాదంటే వీణ్ణి ఏం చేస్తారు?" అని అడిగింది.

సరళ దాచలేదు. బందరు, ఓడ, వైద్యురాలు రాసిచ్చింది, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ అమీన్ వైపు చూడకుండా, మామూలు ప్రశ్నలేవో అడుగుతున్నట్లు గొంతు పెట్టింది.

"ఆ ఓడ నాకు తెలుసు" అంది మరిజమ్మ. "నేను దాని అడుగున పడుకునే వచ్చాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే పోయారు. మూట కట్టి నీళ్ళలో వదిలారు." మంచం మీది మనిషి వైపు చూసింది. "వీడికి ఎవరూ లేరా ఇక్కడ?"

"లేరు."

"అయితే నా కొడుకే అని చెప్పు."

"ఏమంటున్నది సరళమ్మా? ఒక్క మాటకు ఇంతసేపా?" అన్నాడు అమీన్. కోపంతో కాదు, పొద్దు పోతోందన్న విసుగుతో.

ఆ తల్లి చెప్పింది రెండు మాటలు. కాదన్నది ఒకటి. నా కొడుకే అని చెప్పమన్నది రెండోది. దుబాసి పనిలో చేరిన రోజు, విన్న మాటకు ఒకటి చేర్చను, ఒకటి తగ్గించను అని సరళ చావడి పెద్దల ముందు ప్రమాణం చేసింది. ఆకలితో ఉన్నవాళ్ళ మాట, అబద్ధమాడేవాళ్ళ మాట, ఆమెనే తిట్టినవాళ్ళ మాట, దేన్నీ ఇన్నేళ్ళలో ఆమె మార్చలేదు. మార్చకపోవడం గొప్పని ఎప్పుడో అనుకునేది. తర్వాత అది వట్టి అలవాటయింది. ఇప్పుడు ఈ గదిలో, ఆ గులకరాళ్ళ ఊపిరి వింటూ నిలబడితే ఆమెకు ఒక్కటే అనిపించింది, చాలా అలసిపోయానని. పక్కన ఇంకో మంచం ఉంటే దాని మీద ఒరిగిపోవాలని.

"నా కొడుకే" అంది సరళ, తెలుగులో. దుబాసి అట్లాగే చెప్పాలి మరి. "నా కొడుకు తామసే. కాళ్ళు చూసి పోల్చుకున్నాను."

తాను అబద్ధం ఆడలేదని, రెండు మాటల్లో ఒకటి వదిలేశానంతేనని మనసుకు చెప్పుకుంది. మనసు వినలేదు.

అమీన్ రాసుకున్నాడు. మరిజమ్మ వేలిముద్ర తీసుకున్నాడు. మనిషి ఇక్కడే ఉంటాడని, మాట వచ్చాక తాను మళ్ళీ వచ్చి ఆ పొద్దున ఏం జరిగిందో వాంగ్మూలం తీసుకుంటానని, అప్పటిదాకా విచారణ తెరిచే ఉంటుందని చెప్పి తలపాగా చుట్టుకుని వెళ్ళిపోయాడు. ధనుంజయ్ ఆయన వెనకే గది దాటాడు. భాగ్యశ్రీ ఒక్క క్షణం సరళ ముఖంలోకి చూసి, మందు సీసా మార్చే పనిలో పడింది.

మరిజమ్మ విల్లెం పాదాల మీద దుప్పటి సర్దింది. అంచులు లోపలికి మడిచి, చలిదేశంలో పిల్లలకు కప్పినట్లు కప్పింది. పంకా కింద, ఎండాకాలంలో.

ఆ పని అయ్యాకే ఆమె అడిగింది.

"రెండోవాణ్ణి ఎక్కడ పూడ్చారు?"

"మిర్యాలగూడలో. కాలువ దాటాక."

"ఏదైనా చదివారా వాడి మీద? మా వాళ్ళు చదివేది?"

"నేను అక్కడ లేనమ్మా."

"నన్ను తీసుకుపోతావా?"

పోదామంది సరళ. ఇవాళేనని కూడా అంది. కోదాడలో తనకోసం సంతకానికి కాచుకుని ఉన్న సీమ మనుషులు గుర్తొచ్చారు. ఉండనీ అనుకుంది. మరిజమ్మ లేచి నిలబడింది. సరళ ఆమె నడుం చుట్టూ చేయి వేసి పట్టుకుంది. ఏడ్చే మనిషి ఒళ్ళు ఎట్లా ఉంటుందో సరళకు తెలుసు. ఇది అట్లా లేదు. చాలా దూరం బరువు మోసి, దించే చోటు దగ్గరికి వచ్చాక కూడా ఇంకా దించుకోని మనిషి ఒళ్ళులా ఉంది.

వసారాలోకి వచ్చేసరికి ధనుంజయ్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అమీన్ బండి వెళ్ళిపోయిన చప్పుడు అప్పుడే కింద వినిపించింది. మిర్యాలగూడ పోయేటందుకు బండి కావాలని అతణ్ణే అడగాలా, వద్దా అని సరళ తేల్చుకోలేకపోయింది. అతను చేయించిన పరుపు వేసిన బండి కింద ఖాళీగానే ఉంది. కాని ఆ బండి ఎక్కడం ఆమెకు ఇష్టం లేదు.

"మాకు అమీన్ గారితోని పనేం లేదిగ. మేం పోతం" అని మాత్రం అంది.

"పోదురు గాని అక్కా" అన్నాడు అతను. "ఎండల బడి వచ్చిన్రు. జరసేపాగున్రి."

ఆ తర్వాత అతను సరళను దాటి మరిజమ్మ వైపు తిరిగాడు. రెండు చేతులూ జోడించాడు. మర ఆవరణలో కూలీలు మాట్లాడుకునే యాసతో, కాని ఎక్కడా తడబడకుండా, సీమ మాటలో నెమ్మదిగా చెప్పాడు.

"లోపల మీరు అన్నదంతా విన్నానమ్మా. కాలువ దాటి పోవద్దు. అక్కడ ఉన్నది మీ తామసు కాదు."

సరళ చేయి మరిజమ్మ నడుం మీదే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఈ నేల మనిషి సీమ మనిషితో అన్న మాట ఆమె గొంతు మీదుగా పోవాల్సిన అవసరం లేకపోయింది. మరిజమ్మకు అది నేరుగా చేరింది. ఆ తల్లి సరళ చేయి విడిపించుకుని, అతని ముందుకు ఒక అడుగు వేసి, తన కొడుకు ఎక్కడని అడిగింది.

ధనుంజయ్ మెట్ల వైపు చూసి, ఎవరూ రావడం లేదని రూఢి చేసుకున్నాడు.

"మా ఇంట్లో ఉన్నాడు" అన్నాడు. "మా నాయనకు తెలియదు."